టెస్టులో ‘ఐఎన్ఎఫ్‌పీ’ అని వచ్చిందా? ఏది స్వభావం, ఏది అలవాటు, ఏది వట్టి ముద్ర అన్నది తేల్చుకోవడం ఎలా

“సార్, నాకు టెస్టులో ఐఎన్ఎఫ్‌పీ అని వచ్చింది. దాని గురించి చదివితే అన్నీ చెడ్డ లక్షణాలే ఉన్నాయి. నేనింతేనా?”

మనిషి స్వభావాన్ని నాలుగు ఇంగ్లీషు అక్షరాల్లో చెప్పే మయర్స్-బ్రిగ్స్ తరహా టెస్టు సంగతి ఇది. నెల్లూరులో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్తాను కాబట్టి ఈ ప్రశ్న నాకు తరచుగా వస్తుంది. క్లాసు అయ్యాక వరండాలో అడుగుతారు, రాత్రి పదిన్నరకు వాట్సాప్‌లో అడుగుతారు. మొన్నామధ్య కందుకూరు నుంచి ఒక తల్లి ఫోన్ చేసి, “మా వాడు గదిలోంచి బయటికి రాడు సార్. ఏమన్నా అంటే నా టైపే అంత అంటాడు” అని బాధపడింది. అందరికీ విడివిడిగా చెప్పిందే ఇక్కడ వరసగా రాస్తున్నాను. నాదీ అదే స్వభావం. అందుకని దీంట్లో కొన్ని నేను దెబ్బతిని నేర్చుకున్నవి.

కావలసినవి

- వంద పేజీల నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాయొద్దు. ఫోన్ తీస్తే రాయాల్సింది మరిచిపోయి ఇంకేదో చూస్తూ ఉండిపోతాం.
- చిన్న పలక, బలపం. మన మార్కాపురం రాతి పలక దొరికితే మరీ మంచిది. లేకపోతే పాత క్యాలెండర్ వెనక వైపు వాడుకోండి.
- మీ మొహం మీదే నిజం చెప్పగలిగిన మనిషి ఒకరు. అమ్మానాన్నలు కాకుండా చూసుకోండి. వాళ్ళు ప్రేమతో కొంచెం తగ్గించో, భయంతో కొంచెం పెంచో చెప్తారు. అక్క, బావ, రూమ్మేట్, పాత స్నేహితుడు, ఎవరైనా సరే.
- రోజుకు 20 నిమిషాలు, ఆరు వారాలు.

డబ్బు కట్టి రాసే టెస్టు అవసరం లేదు.

1. ముందు టెస్టును దాని చోట పెట్టండి

నాలుగు అక్షరాల అర్థం ఇదీ. ఐ అంటే ఏకాంతంలో సేద తీరే మనిషి. ఎన్ అంటే కళ్ళ ముందున్నదానికన్నా దాని వెనకున్న అర్థాన్ని, రాబోయేదాన్ని ఎక్కువ చూసే మనిషి. ఎఫ్ అంటే తన విలువలను, ఎదుటివాళ్ళ మనసును తూచి నిర్ణయం తీసుకునే మనిషి. పీ అంటే తొందరపడి ముడి వేయకుండా దారి తెరిచి ఉంచుకునే మనిషి. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో వేసిన పుస్తకం దీనికి మూలం. ఆ ఆలోచన పట్టుకుని అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ ప్రశ్నపత్రం తయారుచేశారు. ఇద్దరూ సైకాలజీ చదువుకున్నవాళ్ళు కారు. వాళ్ళ లెక్కలో మనుషులు మొత్తం 16 రకాలు.

దీనిలో పెద్ద లోపం ఒకటుంది. ఈ టెస్టు మనిషిని మధ్యకు గీత గీసి అటో ఇటో నెట్టేస్తుంది. 51 వచ్చినవాడు ఇటు, 49 వచ్చినవాడు అటు. నిజానికి చాలామందిమి ఆ గీతకు దగ్గర్లోనే ఉంటాం. అందుకే కొన్ని వారాలాగి మళ్ళీ రాస్తే చాలామందికి ఒక అక్షరమైనా మారుతుంది.

చేయాల్సింది: పరీక్షల హడావిడి లేనప్పుడు ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి రాయండి. రెండుసార్లూ మారని అక్షరాలు ఏవో చూసుకోండి. మారిన అక్షరం గురించి చదివిన మంచినీ చెడునూ రెండింటినీ వదిలేయండి.

హెచ్చరిక: ఐఎన్ఎఫ్‌పీ అన్నది జబ్బు పేరు కాదు, జబ్బుకు సంజాయిషీ కూడా కాదు. రెండు వారాలకు పైగా నిద్ర, తిండి సరిగ్గా లేకపోయినా, ఇష్టమైన పని కూడా చేయబుద్ధి కాకపోయినా దాన్ని “నా టైపు” అని సరిపెట్టుకోవద్దు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఈ వ్యాసం పక్కన పెట్టి 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు. డబ్బు పడదు, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులను కలవొచ్చు. వెళ్ళడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

2. మూడు గడులు గీయండి

నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి మూడు గడులు గీయండి. వాటికి ముద్ర, స్వభావం, అలవాటు అని పేర్లు పెట్టండి. మీ టైపు గురించి మీరు చదివినవి, ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని అనేవి అన్నీ పక్క పేజీలో రాయండి. “ఊరికే ఏడుస్తారు”, “సోమరులు”, “పొగరు”, “నోట్లో నాలుక లేదు”, “మొదలుపెట్టింది పూర్తి చేయరు”, “ఎప్పుడూ ఊహాలోకం”, “లెక్కలు రావు”, ఏదీ వదలొద్దు.

ఇప్పుడు ఒక్కొక్కదాన్నీ రెండు ప్రశ్నలు అడగండి. పోయిన నెలలో ఇది నిజంగా జరిగిన రోజు చెప్పగలనా? ఆ రోజు దానివల్ల నాకో, ఇంకొకరికో నష్టం జరిగిందా?

రోజే గుర్తురాకపోతే అది ముద్ర. రోజు ఉండి నష్టం లేకపోతే అది స్వభావం. రోజు గుర్తుండి, నష్టం కూడా ఉంటే అది అలవాటు. మనం ఆరు వారాలు పనిచేసేది మూడో గడి మీదే. మొదటి గడి కొట్టేయండి. రెండోదాన్ని కదిలించొద్దు.

ఉదాహరణకు, కావలిలో పిన్ని కూతురి పెళ్ళి. మీరు రెండు గంటలు అందరితో మాట్లాడి, తర్వాత మేడ మీద ఒంటరిగా కూర్చున్నారు. కింద ఎవరో “వాడికి పొగరబ్బా, మనుషుల్లో కలవడు” అన్నారు. మేడ మీద కూర్చోవడం స్వభావం. పొగరు అన్నది ముద్ర. కానీ ఎవరికీ చెప్పకుండా మాయమైపోయి, భోజనాల దగ్గర పిన్ని మీ కోసం వెతుక్కునేలా చేశారనుకోండి, అది అలవాటు. మార్చుకోవాల్సింది అంతవరకే. “పిన్నీ, కాసేపు పైన కూర్చుని వస్తా, భోజనాల టయానికి కిందుంటా” అంటే చాలు. చెప్పిన టయానికి దిగి రావాలి మరి.

“పూర్తి చేయరు” అన్న ముద్ర గురించి ఒక మాట చెప్పాలి. ఈ ప్రశ్నపత్రం తయారుచేసిన ఇసబెల్ మయర్స్‌ది ఐఎన్ఎఫ్‌పీ రకమే. ఆవిడ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పని మొదలుపెడితే దాని మాన్యువల్ అచ్చయింది 1962లో. దాదాపు ఇరవై ఏళ్ళు ఒకే పని పట్టుకుని కూర్చున్న మనిషి ఆవిడ. “మా రకం వాళ్ళం ఏదీ పూర్తి చేయలేం” అనే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోండి.

ఇంకో జాగ్రత్త. ఏకాంతం ఇష్టపడటం వేరు, మనుషులంటే భయపడటం వేరు. గుంపులోకి వెళ్ళొచ్చాక అలసిపోతే అది స్వభావం. వెళ్ళడానికి ముందే చేతులు వణికి, గుండె దడదడలాడి, కావలసిన పని కూడా మానేసుకుంటుంటే అది భయం. దానికి ఈ నోట్‌బుక్ చాలదు, వైద్యుల సాయం కావాలి.

3. అలవాట్లలో ఒక్కటే ఎంచుకోండి

మూడో గడిలో ఐదో ఆరో మిగులుతాయి. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసినదాని కింద గీత గీయండి. మిగతావాటి జోలికి ఆరు వారాలు పోవద్దు. ఆదర్శాలున్నవాళ్ళం మనల్ని మనం మార్చుకోవడంలో కూడా ఆదర్శానికే పోతాం. సోమవారం నుంచి కొత్త మనిషినైపోతా అనుకుని, బుధవారానికి ఒకటి తప్పగానే మొత్తం వదిలేస్తాం. అందుకే ఒక్కటి చాలంటున్నాను.

నేను ఎక్కువగా చూసే నాలుగు అలవాట్లు కింద ఇస్తున్నాను. మీది ఏదో అది మాత్రమే చేయండి.

4అ. చెప్పకుండా తెగతెంపులు చేసుకోవడం

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. మనసు నొచ్చుకుంటుంది. అడగం. అవతలివాళ్ళు అర్థం చేసుకుంటారేమోనని చూస్తాం. వాళ్ళకు తెలియను కూడా తెలియదు. ఒకరోజు లోపల తలుపు వేసేసుకుంటాం.

మా అక్క ఒంగోలులో ఉంటుంది. మా గృహప్రవేశానికి రాలేదు. ఆ రోజు పీటల మీద కూర్చుని కూడా గేటు వైపే చూస్తున్నాను. పాలు పొంగాయి, అందరూ భోంచేశారు, ఆమె కోసం పక్కన పెట్టించిన చీర అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత అక్క ఫోన్ చేస్తే “ఆఁ, బాగానే ఉన్నాం” అని పెట్టేసేవాణ్ణి. తొమ్మిది నెలలు అలా గడిచాయి. ఒకసారి అద్దంకి వెళ్తూ ఒంగోలు బస్టాండ్‌లో బస్సు కోసం ఆగాను. అరగంట టైముంది. ఎందుకో ఆగలేక ఫోన్ చేసి అడిగేశాను. “గృహప్రవేశానికి ఎందుకు రాలేదక్కా?”

అటువైపు కాసేపు మాట లేదు. “ముందురోజు రాత్రి బావ కళ్ళు తిరిగి పడిపోయాడు గదరా. ఆసుపత్రిలో ఉన్నాం. అమ్మకి చెప్పాను. నీకు చెప్పలా?”

పని హడావిడిలో అమ్మ మరిచిపోయింది. తర్వాత చెబుదామనుకుని ఊరుకుంది. అక్క మాత్రం, తమ్ముడు ఒక్కసారైనా బావ ఎట్టున్నాడని అడగలేదేందా అని తొమ్మిది నెలలు లోపలే బాధపడింది. నేను అద్దంకి వెళ్ళలేదు. ఆటో ఎక్కి వాళ్ళింటికి వెళ్ళాను.

చేయాల్సింది:

- నొచ్చుకున్న రోజే నోట్‌బుక్‌లో మూడు వాక్యాలు రాయండి. ఏం జరిగింది, నాకేమనిపించింది, ఇప్పుడు నాకేం కావాలి. మొదటి వాక్యంలో కెమెరాకు కనిపించేది మాత్రమే ఉండాలి. “అక్క గృహప్రవేశానికి రాలేదు” అని రాయొచ్చు. “అక్కకు నేనంటే లెక్కలేదు” అని రాయకూడదు.
- ఒక రాత్రి నిద్రపోండి. చేపల పులుసు మర్నాటికే కదా రుచి పట్టేది, మాట కూడా అంతే.
- మూడు రోజుల్లోపు ఆ మనిషిని అడగండి. మెసేజ్ వద్దు, ఫోన్‌లోనో ఎదురుగానో మాట్లాడండి. మొదట ప్రశ్నే వేయండి. “అన్నా, ఆదివారం నువ్వు రాలేదు, నాకు కష్టంగా అనిపించింది. ఏమైంది?”

నోట మాట రాకపోతే కాగితం మీద రాసుకుని చూసి చదవండి. “నేను రాసుకుని చదువుతున్నా, ఏమనుకోవద్దు” అని ముందే చెప్తే ఎవరూ తప్పుపట్టరు.

హెచ్చరిక: కొట్టేవాళ్ళతో, బెదిరించేవాళ్ళతో, పదేపదే అవమానించేవాళ్ళతో ఈ పద్ధతి వద్దు. అక్కడ దూరంగా వచ్చేయడమే సరైన పని. దానికి మీరు ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు.

4ఆ. మనసులో పూర్తయిపోయి చేతిలో మొదలుకాని పనులు

ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చే అబ్బాయి ఒకడు ఊళ్ళో ఉచిత గ్రంథాలయం పెట్టాలని రెండేళ్ళు కలగన్నాడు. పేరు, గోడల రంగు, ప్రారంభోత్సవానికి పిలవాల్సినవాళ్ళు అన్నీ రాసుకున్నాడు. ఒక్క పుస్తకం సేకరించలేదు. మంచి గది దొరకనీ అనేవాడు. వాడు సోమరి కాదు. మనసులో ఉన్న గ్రంథాలయం అంత అందంగా ఉంది కాబట్టి బయట చేసేది దానికి సరిపోదేమోనని భయం.

వాడికి చెప్పింది ఇదే. పది పుస్తకాలు, ఒక గోనెపట్టా, ఆదివారం సాయంత్రం, రావిచెట్టు కింద అరుగు. మొదటి వారం నలుగురు పిల్లలు వచ్చారు. వాళ్ళలో ఇద్దరు బొమ్మలు మాత్రమే చూశారు. అయినా వాడి మొహంలో అంతకుముందు చూడని వెలుగు చూశాను.

వాళ్ళ ఊరి దగ్గర్లోనే పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమం ఉంది. గాంధీగారు 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. స్వరాజ్యం అన్నంత పెద్ద ఆదర్శం కూడా గాంధీగారి దగ్గర రోజూ ఇంత నూలు వడకడం దాకా దిగివచ్చింది. మీ ఆదర్శాన్నీ అలా దించాలి.

చేయాల్సింది:

- పొద్దున్నే పలక మీద ఒక్క పని రాయండి. అది 20 నిమిషాల్లో అయ్యేదిగా, అయిందో లేదో పక్కవాళ్ళు కూడా చూసి చెప్పగలిగేదిగా ఉండాలి. “కథ మీద ఆలోచించాలి” అని రాయొద్దు. “కథలో పది వాక్యాలు” అని రాయండి. “స్కాలర్‌షిప్ సంగతి చూడాలి” అనొద్దు. “ఆదాయ ధృవపత్రానికి సచివాలయంలో అర్జీ ఇవ్వాలి” అనండి.
- రాత్రికి అయితే తుడిచేయండి. కాకపోతే కూడా తుడిచేయండి, కానీ నోట్‌బుక్‌లో తేదీ వేసి సున్నా పెట్టండి. నిన్నటి బాకీ ఈరోజుకు కలపొద్దు. పలక వాడమన్నది అందుకే.
- మొదటి ప్రతి బాగుండకపోయినా ఫర్వాలేదు అని ముందే ఒప్పుకోండి. బాగుచేయడం రెండో రోజు పని.

20 నిమిషాలు కూడా కూర్చోలేకపోతే ఐదుతో మొదలుపెట్టండి. ఇంకొకరు పక్కన కూర్చుని వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటుంటే మనకూ సాగుతుంది. మాట్లాడుకోనక్కర్లేదు.

4ఇ. ఒక మాటంటే పది మాటలుగా వినిపించడం

రొయ్యల చెరువుల దగ్గర లెక్కలు రాసే అమ్మాయి ఒకతె ఉద్యోగం మానేస్తానని వచ్చింది. ఏమైందమ్మా అంటే “మా ఓనరు నేను పనికిరానని అన్నారు సార్” అంది. ఆయన సరిగ్గా ఏ మాటలన్నాడో రాయమన్నాను. చాలాసేపు ఆలోచించి రాసింది. “ఈ మేత లెక్క మళ్ళీ చూడు.” అంతే.

పేజీని నిలువుగా మడవండి. ఎడమవైపు అవతలివాళ్ళు అన్నది అక్షరం పొల్లుపోకుండా, కుడివైపు మీకు వినిపించింది రాయండి. రెండూ ఒకటేనా చూడండి. తేడా ఉంటే ఎడమవైపుదానికే జవాబివ్వండి, అంటే మేత లెక్క చూడండి. నిజంగానే అవమానించిన మాట ఎడమవైపే ఉంటే అది వేరే సంగతి. దానికి 4అ లోని మూడు వాక్యాలు వాడండి.

4ఈ. మొహమాటం

కాదనలేక ఒప్పుకోవడం, తర్వాత లోపల కుమిలిపోవడం. దీనికి ఒకే మందు. అక్కడికక్కడ అవునని గానీ కాదని గానీ చెప్పొద్దు. “రేపు పొద్దున చెప్తానన్నా” అనండి. ఇల్లు చేరాక ఆలోచించి, కాదనాలంటే పొద్దున పదిలోపు ఫోన్ చేసి ఒక్క వాక్యంలో చెప్పండి. కారణాలు వరసపెట్టొద్దు. ఒక్కో కారణానికీ వాళ్ళ దగ్గర ఒక్కో జవాబు ఉంటుంది. చేబదులు విషయంలో అయితే, తిరిగి రాకపోయినా మీకు బాధ లేనంత మొత్తమే ఇవ్వండి.

తరచుగా చేసే తప్పులు

టైపు గురించి చదువుతూనే ఉండటం. చదవడం కూడా పని చేస్తున్నట్టే అనిపిస్తుంది, రీల్స్ చూస్తుంటే “అచ్చం నేనే” అని హాయిగా ఉంటుంది. ఆరు వారాలు దాని జోలికి పోకండి.

“నేనింతే” అని ఎదుటివాళ్ళకు చెప్పడం. ఏకాంతం కావాలని అడిగేటప్పుడు అది సరైన మాటే. ఫోన్ ఎత్తనందుకు, మాట తప్పినందుకు అది జవాబు కాదు. అక్కడ తప్పయిందని చెప్పాలి.

బలవంతంగా వాగుడుకాయలా మారాలనుకోవడం. స్వభావం గడిని ముట్టుకోవద్దన్నది ఇందుకే. నెలలో అలసిపోయి మళ్ళీ గదిలోకి వెళ్ళి ఇంకా గట్టిగా గడియ పెట్టుకుంటారు.

ఇంట్లో అందరికీ అక్షరాలు తగిలించడం. పెళ్ళిచూపుల్లో జాతకాల బదులు టైపులు చూసేవాళ్ళు కూడా తయారయ్యారు. నాలుగు అక్షరాలతో మనిషిని ఒప్పుకోవద్దు, కాదనొద్దు.

తల్లిదండ్రులకు ఒక మాట. “ఏందిరా ముంగిలా కూర్చున్నావు” అని నలుగురిలో అనకండి. ఒంటరిగా ఉన్నప్పుడు “ఇవాళ అలసిపోయావా?” అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. ఆ పిల్లలకు జవాబు రావడానికి టైము పడుతుంది.

పని జరిగిందో లేదో చూసుకోవడం

మొదటి రోజే మీరు ఎంచుకున్న మనిషిని మూడు ప్రశ్నలు అడిగి జవాబులు రాసిపెట్టుకోండి. నామీద నీకు చెప్పాలనిపించి చెప్పనిదేమన్నా ఉందా? నేను చెప్పిన మాట మీద నిలబడతానా, పదికి ఎంత వేస్తావు? నేను నొచ్చుకుంటే నీకు ఎన్నాళ్ళకు తెలుస్తుంది? 42వ రోజున మళ్ళీ అవే అడగండి. మొదటిసారి రాసిన జవాబులు ఆ మనిషికి చూపించకండి.

నోట్‌బుక్‌లో కూడా లెక్క తీయండి. 4అ చేసినవాళ్ళు నొచ్చుకున్న రోజుకూ అడిగిన రోజుకూ మధ్య ఎన్ని రోజులో చూడండి. అది తగ్గుతుంటే మీరు సరిగ్గా చేస్తున్నట్టే. 4ఆ చేసినవాళ్ళు సున్నాలు లెక్కపెట్టండి. 42 రోజుల్లో పదిహేను సున్నాలున్నా కంగారు పడొద్దు, 27 రోజులు పని జరిగింది. సున్నాలు సగం దాటితే పని పెద్దదైపోయిందని అర్థం, దాన్ని సగానికి కోయండి. 4ఇ వాళ్ళు ఎడమ కుడి ఒకటైన పేజీలు ఎన్నో చూడాలి. 4ఈ వాళ్ళు ఇష్టం లేకుండా ఒప్పుకున్నవి ఎన్నో లెక్కపెట్టాలి.

మూడో ప్రశ్నకు ఆ మనిషి ఈసారి కూడా “నాకసలు తెలియదు” అంటే, మీరు ఎంచుకున్న అలవాటు ఏదైనా సరే, తర్వాతి ఆరు వారాలకు 4అ తీసుకోండి. ఆ మొదటి ఫోన్ ఎవరికి చేయాలో మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. ఆ పేరు పలక మీద రాయండి.